‘వాటర్’ తగాదా

చిట్టీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో మీ తగాదా అంతా విన్నాను. డల్లాస్ నుంచి లండన్ వెళ్లి ఏడాదైనా కాలేదు, అప్పుడే తమ్ముడు ‘వాటర్’లో ట మింగేస్తున్నాడని చిట్టి ఫిర్యాదు. మరి నీ ‘వాడర్’ సంగతేంటే? అదీ డల్లాస్ పిల్లల దగ్గర పట్టుకొచ్చిందేగా! ఇంట్లో మీ నాన్న ట నొక్కి పలుకుతూనే ఉన్నా, మీ ఇద్దరికీ అంటలేదు.

యాస ఇంట్లో మొదలైనా వీధిలోనే ముదురుతుంది. మీకు దగ్గర్లోనే మిల్టన్ కీన్స్ అని ఒక ఊరుంది. 1967లో తలపెట్టిన కొత్త ఊరు, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేరారు. అక్కడి పిల్లల మాటలను పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అనే భాషా పరిశోధకులు రికార్డు చేశారు. నాలుగేళ్ల వాళ్లు చాలావరకు అమ్మలాగే పలికారు. ఎనిమిదేళ్లు, పన్నెండేళ్ల వాళ్లు మాత్రం తోటి పిల్లల్లాగా! ఏ ఒకరిద్దరి ఇళ్లలోనో ఉన్న పలుకులు రాలిపోయి, ఎక్కువమంది నోట ఆడేవి నిలిచాయి. 1788 నుంచి సిడ్నీలో దిగిన వాళ్ల పిల్లల మధ్య ఆస్ట్రేలియా యాస పుట్టిందీ ఇంచుమించు ఇలాగేనంటారు.

చిట్టీ, నువ్వు పదమూడేళ్లకు వెళ్లావు, వాడు ఆరేళ్లకు. అందుకే వాడి నాలుక ముందు తిరిగింది. అలాగని పెద్దయ్యాక యాస మారదనుకోకు. ఎలిజబెత్ రాణి 1950ల నాటి క్రిస్మస్ ప్రసంగాలనూ 1980ల నాటివాటినీ జొనాథన్ హారింగ్టన్ అనే భాషా పరిశోధకుడి బృందం పోల్చి చూసింది. ఆవిడ అచ్చులు తనకంటే చిన్నవాళ్ల, సామాన్యుల పలుకు వైపు జరిగాయట. రాణిగారికి ఎవరిని మెప్పించాలని టెన్షన్ చెప్పు! ఆ హారింగ్టనే తర్వాత అంటార్కిటికాలో చలికాలమంతా ఒకేచోట గడిపిన 11 మంది గొంతులు కొలిచాడు. కొద్ది నెలల్లోనే వాళ్ల పలుకులో మార్పు కనిపించింది, చెవికి ఆననంత కొంచెమే అనుకో.

కాబట్టి బుజ్జిగాడు వేషాలేస్తున్నాడనకు. డల్లాస్ నేస్తానికి ఫోన్ చేసినప్పుడు గమనించు, వాడి నోట మళ్లీ ‘వాడర్’ వచ్చేస్తుంది.

మన ఇంట్లో చూడండి. నేను నరసాపురం వాణ్ని, మీ అమ్మమ్మది వరంగల్. నలభై ఏళ్ల కాపురంలో నాకు ‘గట్లనా’ అలవాటైపోయింది. ఆవిడ మాత్రం ఇంతవరకూ ఒక్క ‘ఆయ్’ కూడా అనలేదు.

మీ తాతయ్య