రీఫ్ ట్యాంకులో ఎల్ఈడీ లైటు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, టార్చ్ కోరల్ ముడుచుకుపోయింది. వెలుతురు చాలట్లేదేమోనని లైటు ఇంకో ఇరవై శాతం పెంచాను."

డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లల్లో రీఫ్ ట్యాంకుల, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంల బాగోగులు చూడటం నా పని. నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. వెళ్లి మీటర్ పెట్టి చూస్తే లైటు అప్పటికే ఎక్కువై ఉంటుంది. ఈ టార్చ్ దగ్గర 310 పార్ వచ్చింది (పార్ అంటే కోరల్‌కు పనికొచ్చే వెలుతురు కొలత, కింద చెబుతాను). దానికి 120 చాలు. ఇన్నేళ్లలో వెలుతురు చాలక పోయిన కోరల్స్ కంటే, ఒక్కసారిగా పెంచిన వెలుతురు తట్టుకోలేక పోయినవే ఎక్కువ చూశాను.

అపోహ: కంటికి మసకగా ఉందంటే కోరల్‌కు వెలుతురు చాలట్లేదు

మిగతా పొరపాట్లన్నీ పుట్టేది ఇక్కడే. మన కన్ను బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని. రీఫ్ లైట్లలో ఎక్కువగా ఉండేది 420 నుంచి 480 వరకు ఉన్న ఊదా, నీలం. అవి మనకు మసకగా కనిపిస్తాయి. కోరల్‌కు అలా కాదు. దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే కాపురముంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారు చేసుకుని, అందులో పెద్ద వాటా కోరల్‌కే ఇస్తుంది. ఆ ఆల్గేలో ఉన్న క్లోరోఫిల్, పెరిడినిన్ నీలాన్ని బాగా పీల్చుకుంటాయి. సముద్రంలో ఎరుపు పైపై కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, లోతుకు దిగేది నీలమే. కోరల్ అలవాటుపడిన వెలుతురు అది.

ఇది నాకు నేర్పింది నేను చేసిన తప్పే. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకరింట్లో పాత మెటల్ హాలైడ్ దీపం తీసి ఎల్ఈడీ బిగించాను. కంటికి పాతదానంత వెలుగు కనిపించేదాకా పెంచుకుంటూ పోయాను. పదో రోజుకల్లా అరచేతి వెడల్పున్న మాంటిపోరా అనే కోరల్ పైభాగం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. "చచ్చిపోయిందా అంకుల్?" అని ఆ ఇంటి పాప అడిగింది. ఆ వారమే మీటర్ కొన్నాను.

వెలుతురు కొలిచే ఫోన్‌లోని లక్స్ యాప్ ఇందుకు పనికిరాదు. అదీ మన కంటి లెక్కనే కొలుస్తుంది. కావలసింది పార్ మీటర్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో అది చెబుతుంది. ఆ అంకెనే పార్ అంటాం. ఇక్కడ చాలా అక్వేరియం షాపులు దాన్ని అద్దెకిస్తాయి, కొనక్కర్లేదు. పాత మోడళ్లలో కొన్ని నీలాన్ని తక్కువ చేసి చూపిస్తాయి, తీసుకునే ముందు అది అడగండి.

అపోహ: బాగున్న ట్యాంకు సెట్టింగ్ మనమూ పెట్టుకుంటే చాలు

డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇద్దరు స్నేహితులు ఒకే లైటు కొని, ఒకే సెట్టింగ్ పెట్టుకున్నారు. పై రాయి మీద ఒకరికి 390 పార్ వచ్చింది, ఇంకొకరికి 180. మొదటివారి లైటు నీటికి ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంది. రెండోవారిది పధ్నాలుగు అంగుళాలు, కింద చేపలు దూకకుండా వల మూత, ఆ మూత మీద ఉప్పు పేరుకుని ఉంది. యాప్‌లో ఇద్దరికీ 60 శాతమే. శాతం చెప్పేది లైటు ఎంత కరెంటు మీద నడుస్తోందో. కోరల్ దగ్గరకు ఎంత చేరిందో చెప్పదు. వాట్లు, కెల్విన్ (కాంతి రంగును చెప్పే అంకె) కూడా అంతే.

ఒక్కో రకం కోరల్‌కు నేను పాటించే పార్ అంకెలివి. జోవా, మష్రూమ్ లాంటి వాటికి 50 నుంచి 120. టార్చ్, హ్యామర్‌కు 80 నుంచి 150. అక్రోపోరాకు 250 నుంచి 350. ఒక్క చోట కొలిచి వదిలేయకండి, ప్రతి కోరల్ కూర్చున్న చోటా కొలవండి. ఎల్ఈడీ వెలుతురు నేరుగా పడుతుంది కాబట్టి, ఒక కొమ్మ నీడలో ఉన్న ఇంకో కొమ్మకు అందులో సగం కూడా అందకపోవచ్చు.

అపోహ: సముద్రంలో అంత ఎండ ఉంటుంది కదా, ఇది ఎంత

ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం నీటి పైన దాదాపు 2,000 పార్ ఉంటుంది, నిజమే. కానీ అది పొద్దున నెమ్మదిగా పెరిగి సాయంత్రానికి తగ్గుతుంది, మధ్యలో మబ్బులు, లోతు. మన లైటు ఎనిమిది, పది గంటలు ఒకే స్థాయిలో వెలుగుతుంది. రోజు మొత్తానికి లెక్క కట్టాలి. 200 పార్ పది గంటలుంటే చదరపు మీటరుకు 7.2 మోల్స్ (ఒక మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్స్). ఆఫీసు నుంచి వచ్చాక చూసుకుందామని ఇంకో రెండు గంటలు పొడిగిస్తే 8.64. అంటే ఏమీ పెంచలేదనుకుంటూనే ఐదో వంతు పెంచేశారు. సాయంత్రం చూడాలనుంటే పొద్దున ఆలస్యంగా మొదలుపెట్టండి.

అపోహ: రంగు తగ్గితే లైటు పెంచాలి

ఇది చాలా నష్టం చేస్తుంది. "రంగు తగ్గింది" అనే మాటలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. వెలుతురు తక్కువైతే కోరల్‌లో ఆల్గే పెరిగి, అది గోధుమరంగుకు తిరుగుతుంది. వెలుతురు ఎక్కువైతే ఆల్గే తగ్గి పాలిపోతుంది. మరీ ఎక్కువైతే ఆల్గేలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, కోరల్ ఆ ఆల్గేనే బయటకు నెట్టేస్తుంది. బ్లీచింగ్ అంటే అదే. పాలిపోతున్న కోరల్‌కు లైటు పెంచడమంటే వడదెబ్బ తగిలినవాణ్ని మళ్లీ ఎండలో నిలబెట్టడం.

నీటి వల్ల కూడా ఇలాగే కనిపిస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైతే గోధుమరంగు, దాదాపు సున్నాకు పడిపోతే పాలిపోవడం. అందుకే ముందు నీరు పరీక్షించి, తర్వాతే లైటు జోలికి వెళ్తాను. ఒక గుర్తు: పైభాగమే పాలిపోయి నీడ వైపు మామూలుగా ఉంటే లైటును అనుమానిస్తాను. అంతా ఒకేలా పాలిపోతే నీటిని.

లైటు ముట్టుకోకపోయినా వెలుతురు పెరుగుతుందని చాలామందికి తెలియదు. నీటిని శుభ్రం చేసే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, కొత్తది వేస్తే నీటిలోని పసుపు రంగు పోయి, వెలుతురు ఎక్కువగా దిగుతుంది. లైటు అద్దం మీది ఉప్పు తుడిచినా అంతే. బాగా శుభ్రం చేసిన వారంలోనే కోరల్స్ పాలిపోయాయని ఫోన్ చేసినవాళ్లున్నారు. కార్బన్ కొద్దికొద్దిగా వేయండి.

అపోహ: తెల్లబడితే చచ్చినట్టే

కాదు. తెల్లని అస్థిపంజరం పైన పల్చటి కణజాలం ఉందంటే ప్రాణం ఉన్నట్టే. ఆ మాంటిపోరాను నీడలోకి మార్చి, పార్ 60కి దించి, మిగతావేవీ కదపలేదు. మధ్యలో కొంత భాగం పోయింది గానీ, నాలుగు నెలలకు అంచుల నుంచి రంగు తిరిగొచ్చింది.

పెంచాల్సి వస్తే వారానికి ఐదు శాతం మించకుండా పెంచుతాను. కొత్త కోరల్‌ను ముందు కింద ఇసుక మీద ఉంచి, రెండు వారాల తర్వాత పైకి జరుపుతాను. ఒకేసారి రెండు మార్పులు చేయను, చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

రాత్రి నీలి లైటు మన కోసమే. కోరల్‌కు చీకటి కావాలి.

హైదరాబాద్, వైజాగ్‌ల నుంచి బంధువులు కోరల్స్ పంపమని అడుగుతుంటారు. పంపను. భారతదేశంలో రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది. పట్టినా, అమ్మినా నేరం. విదేశాల నుంచి తేవాలన్నా అవి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కింద ఉన్న జీవులు, సూట్‌కేసులో పెట్టుకొచ్చేవి కావు. అక్కడివాళ్లు లైటు మీద మోజు తీర్చుకోవాలంటే మంచినీళ్ల మొక్కల ట్యాంకు పెట్టుకోండి. అంత నీలం అక్కర్లేదు గానీ, పార్ మీటర్ అక్కడా పనికొస్తుంది.