జపనీస్‌లో ‘చేయించడం’: ‘ఒ’ పెట్టాలా, ‘ని’ పెట్టాలా?

తెలుగువాళ్లకు జపనీస్ నేర్పేటప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ చేయించు, తినిపించు, ఏడిపించు లాంటి ప్రేరణార్థక క్రియల దగ్గర బండి ఆగుతుంది. క్రియారూపం త్వరగానే వచ్చేస్తుంది: ‘ఇకు’ (వెళ్లు) ‘ఇకసెరు’ అవుతుంది, ‘తబెరు’ (తిను) ‘తబెససెరు’ అవుతుంది. చిక్కంతా ఆ పని చేసే మనిషి పక్కన ఏ విభక్తి పెట్టాలన్న దగ్గరే. పైగా శబ్దం కూడా మనల్ని తికమక పెడుతుంది. మన ‘ని’ చేసే పని జపనీస్‌లో ‘ఒ’ చేస్తుంది. జపనీస్ ‘ని’ మన ‘కి’కి దగ్గర.

అపోహ: ‘ఒ’ అంటే బలవంతం, ‘ని’ అంటే అనుమతి.

వాస్తవం: ఎక్కువమంది తప్పులు చేసేది ఈ సూత్రాన్ని నమ్ముకునే. అది పనిచేసేది అకర్మక క్రియలకే (‘వెళ్లు’ లాగా కర్మ అక్కర్లేనివి), అదీ మనిషి తన ఇష్టంతో చేసే పనులకే. ‘కొదొమొ ఒ ఇకసెరు’ పిల్లాణ్ణి పంపించడం వైపు మొగ్గుతుంది, ‘కొదొమొ ని ఇకసెరు’ వెళ్లనివ్వడం వైపు. అది మొగ్గు మాత్రమే. ‘తబెరు’ లాంటి సకర్మక క్రియ (దేన్ని అన్న ప్రశ్నకు జవాబు ఉండేది) వస్తే మనకు ఎంపికే ఉండదు. ‘కొదొమొ ని యసై ఒ తబెససెరు’ అన్నప్పుడు కూరగాయల పక్కన ‘ఒ’ ముందే ఉంది. ఒకే క్రియకు రెండు ‘ఒ’లు జపనీస్‌లో కుదరవు కాబట్టి పిల్లాడి పక్కన ‘ని’యే రావాలి. బతిమాలి, బెదిరించి తినిపించినా, అడిగినంత తిననిచ్చినా అదే ‘ని’.

మరి తేడా ఎలా తెలుస్తుంది? తెలుగులో క్రియే మారిపోతుంది: తినిపించాను, తిననిచ్చాను. జపనీస్‌లో రెండిటికీ ఒకటే రూపం. ముందు ‘మురి ని’ (బలవంతంగా) చేరిస్తే ఒక అర్థం, చివర ‘తబెససెతె కురెత’ అని ‘కురెరు’ (మనకు ఇచ్చు) చేరిస్తే ‘తిననిచ్చారు’ అన్న అర్థం. అందుకే ముందు వాక్యంలో ‘ఒ’ ఉందో లేదో చూడమంటాను. బలవంతమా, అనుమతా అన్న ఆలోచన ఆ తర్వాతే.

అపోహ: అకర్మక క్రియ అయితే ‘ఒ’ పెట్టేయొచ్చు.

వాస్తవం: ‘మిచి ఒ వతరు’ అంటే రోడ్డు దాటడం. ‘వతరు’ను అకర్మక క్రియగానే లెక్కిస్తారు, కానీ దాటే చోటు పక్కన ‘ఒ’ ఉంది. కాబట్టి ‘కొదొమొ ని మిచి ఒ వతరసెరు’ అనాలి.

అపోహ: అనుమానం వస్తే ‘ని’ పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఏడవడం, నవ్వడం, కంగారుపడటం మనం చెబితే చేసే పనులు కావు. వీటికి ‘ఒ’యే. ‘హహ ఒ నకసెత’ అంటే అమ్మను ఏడిపించాను, ‘రియోషిన్ ఒ షింపై ససెత’ అంటే అమ్మానాన్నలను టెన్షన్ పెట్టాను. ఇక్కడ తెలుగే మనకు దారి చూపిస్తుంది. అమ్మను ఏడిపించాను అంటాం గానీ, ఆ అర్థంలో ‘అమ్మ చేత ఏడిపించాను’ అనం కదా.

అపోహ: మన ‘చేత’, ‘తో’లకు బదులు ‘దె’ గానీ ‘తొ’ గానీ వాడొచ్చు.

వాస్తవం: ‘దె’ పనిముట్టుకు వాడేది. ‘తొ’ పెడితే తమ్ముడితో కలిసి అన్న అర్థం వచ్చేస్తుంది. తమ్ముడి చేత గది శుభ్రం చేయించాను అనడానికి ‘ఒతోతొ ని హెయ ఒ సోజి ససెత’ అనాలి.

విభక్తి సరిగ్గా పెట్టినా తప్పే అయ్యే చోటు ఒకటుంది. ‘సెన్సే ని సెత్సుమే ససెత’ (టీచర్ చేత వివరణ ఇప్పించాను)లో వ్యాకరణం బాగానే ఉంది, కానీ గురువుగారి చేత పని చేయించాను అన్నట్టు చాలా అమర్యాదగా వినిపిస్తుంది. పెద్దవాళ్ల విషయంలో ‘సెన్సే ని సెత్సుమే షితె ఇతదకిమషిత’ (టీచర్ దయతో వివరించారు అన్నట్టు) అనండి. ఆఫీసులో మేనేజర్ గురించి మెయిల్ రాసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అయితే ‘సెన్సే ఒ ఒకొరసెతె షిమత్త’ (టీచర్‌కు కోపం తెప్పించేశాను) అనడంలో తప్పు లేదు. అక్కడ మనం ఆయన మీద పెత్తనం చేయడం లేదు.

ఇక ‘హహ ని యసై ఒ తబెససెరరెత’ వినగానే అమ్మ చేత కూరగాయలు తినిపించాను అనుకోకండి. చివర ‘రరెత’ ఉంది, అంటే నా చేత చేయించారన్న కర్మణి రూపం, కాబట్టి తిన్నది నేను. ఇక్కడ ‘ని’ ఉన్నది తినిపించిన అమ్మ పక్కన.