ఐపీ పెట్టడం తిట్టు ఎలా అయింది

మా శ్రీకాకుళం వైపు ఒక మనిషి పరువు తియ్యాలంటే "వాడు ఐపీ పెట్టేశాడట" అన్న ఒక్క మాట చాలు. చిట్టీల డబ్బు మింగినవాడు పెట్టినా, ఆస్పత్రి ఖర్చులకి అప్పుచేసి మునిగిపోయినవాడు పెట్టినా ఎగతాళి ఒకటే. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పు 500 రూపాయలు దాటి, తీర్చే దారి లేనివాడు కోర్టుకెళ్లి "నాకున్నది ఇదీ, అప్పిచ్చినవాళ్లందరికీ పంచండి" అని చెప్పుకునే దరఖాస్తు. దీనికి మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. నూరేళ్లు దాటినా, మామూలు కుటుంబం తనంతట తాను వెళ్లి తట్టగలిగిన కోర్టు తలుపు ఇప్పటికీ అదొక్కటే.

అప్పుల మీద ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని కాదు. ఈ ప్రాంతం మీద చేసినన్ని ప్రయోగాలు చాలాచోట్ల చేసి ఉండరు.

మొదటిది 1917లో. అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ. ఏజెన్సీలో గిరిజనుడు చేసిన అప్పు మీద వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదని, చక్రవడ్డీ వెయ్యకూడదని, మొత్తం వడ్డీ అసలును మించకూడదని చట్టం తెచ్చారు. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా చూడడం కూడా ఆ చట్టంలో భాగమే. కాగితం మీద చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ కొండ మీద కోర్టూ లేదు, లెక్క చదివి చెప్పేవాడూ లేడు. షావుకారు పుస్తకంలో ఏం రాస్తే అదే బాకీ. స్వాతంత్ర్యం వచ్చాక 1960లో ఏజెన్సీ వడ్డీ వ్యాపారుల మీద ఇంకో నిబంధన వచ్చింది. అయినా ఏడేళ్లు తిరిగేసరికి, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తూటాలకు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం అనగానే అందరికీ తుపాకులు గుర్తొస్తాయి గానీ, దాని అడుగున ఉన్నది పాలేరు కూలీ, పోయిన భూమి, తీరని అప్పు. జనం 1/70 అని పిలుచుకునే భూబదలాయింపు చట్టం 1970లో వచ్చింది.

మైదానం కథ వేరు. 1938లో రాజాజీ మంత్రివర్గం రైతు రుణ విముక్తి చట్టం తెచ్చింది. తీసుకున్న అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే ఆ బాకీ తీరిపోయినట్టేనని అందులో రాశారు. ఇంత సూటిగా ఉన్న అప్పుల చట్టం ఆ తర్వాత వచ్చిందంటే నేను నమ్మను.

ఆ రెట్టింపు లెక్క ఎందుకు కావాల్సొచ్చిందో మా ఇంట్లోనే చూశాను. చిన్నప్పుడు నాన్న పది వేలు నోటు మీద తెచ్చారు, రెండు రూపాయల వడ్డీకి. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. 1917లో ఏజెన్సీకి పెట్టిన హద్దు ఎంతో, మా వీధిలో మామూలు రేటు అంత. ప్రామిసరీ నోటు మూడేళ్లకు కాలం చెల్లిపోతుంది కాబట్టి, గడువు దగ్గరపడితే నోటు తిరగరాయాలి. ఆయన అరుగు మీద కూర్చుని, రెవెన్యూ స్టాంపు నాలికతో తడిపి అంటించి, కొత్త నోటు 17,200కి రాసిచ్చారు. వడ్డీ అసలైపోయింది. ఇంకో మూడేళ్లకు అది 29,584. మధ్యలో ఒక్క రూపాయి కొత్త అప్పు లేదు. వడ్డీకి పరిమితి పెట్టినా, దాన్ని అసలులో కలపనిస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా లెక్క తెలీదు.

2000లో వచ్చిన వెలుగు పథకం ఆ వీధి రేటుకు పోటీ పెట్టింది. ప్రపంచ బ్యాంకు సాయంతో మొదట ఆరు జిల్లాల్లోనే పెడితే, అందులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. డ్వాక్రా సంఘాలు ఊరూరా గట్టిపడ్డాయి. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది. పావలా అంటే నూటికి నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. వీధిలో రెండు రూపాయలున్నచోట పావలా! ఆడవాళ్లు బ్యాంకు గుమ్మం ఎక్కడం అప్పుడే మామూలైపోయింది.

అయితే అదే సంఘాల అలవాటును చూసి మైక్రోఫైనాన్స్ వాళ్లు దిగారు. పొద్దున్నే ఎవరో ఒకరి ఇంటి ముందు చాప పరిచి మీటింగు, వారం వారం కిస్తీ. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి, కట్టేదాకా ఎవరూ లేవకూడదు. ఒక కంపెనీ కిస్తీకి ఇంకో కంపెనీలో అప్పు. ఆత్మహత్యల వార్తలు వరసపెట్టాక 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటికొచ్చి వసూలు చెయ్యకూడదు, నెలవారీ వాయిదాలే ఉండాలి, వడ్డీ అసలును మించకూడదు. అంటే 1917 మాటే మళ్లీ. వసూళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, కొత్త అప్పులు కూడా. ఆ ఖాళీలోకి వీక్లీ ఫైనాన్స్ వాడొచ్చాడు. పుస్తకం లేదు, రసీదు లేదు. తర్వాత నియంత్రణ ఆర్‌బీఐ చేతికి పోయింది. 2022 నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. కూలి కుటుంబం నెల ఆదాయం ఎంతో రాసుకునేది మాత్రం అప్పిచ్చేవాడే.

మాఫీల సంగతి తెలిసిందే. 1990, 2008, 2014, ఆపైన డ్వాక్రా అప్పులకు 2020 నుంచి 2024 దాకా ఆసరా. ఉపశమనం నిజమే. కానీ 2014లో మాఫీ వస్తుందని కట్టడం మానేసిన సంఘాలకు వడ్డీ పేరుకుపోయింది. మాఫీ అన్నది ఎన్నికలను బట్టి వస్తుంది. ఇంట్లో కష్టం ఎన్నికలు చూసుకుని రాదు.

ఇంటి అప్పుకు వచ్చేసరికి రెండు రకాల న్యాయం కనిపిస్తుంది. 1983 నుంచి బలహీన వర్గాలకు కట్టించిన ఇళ్ల మీద హౌసింగ్ కార్పొరేషన్ అప్పు దశాబ్దాలు అలాగే ఉండిపోయింది. పత్రాలు తాకట్టులో ఉండడంతో అమ్మడానికీ లేదు, బ్యాంకులో పెట్టడానికీ లేదు. 2021 డిసెంబరులో ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్) అని, ఊళ్లో 10 వేలు, మున్సిపాలిటీలో 15 వేలు, నగర కార్పొరేషన్‌లో 20 వేలు కడితే బాకీ కొట్టేసి రిజిస్ట్రేషన్ చేసిస్తామన్నారు. బలవంతంగా కట్టిస్తున్నారని గొడవ జరిగింది. ఆ గొడవ నిజమే. మా పెద్దమ్మ సచివాలయంలో "సంతకం ఎక్కడెట్టాల బాబూ" అని అడిగి పట్టా చేతిలోకి తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసుకోవడమూ నిజమే.

బ్యాంకులోనో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలోనో తీసుకున్న అప్పుకు ఆ ఓపిక ఉండదు. 90 రోజులు వాయిదా తప్పితే మొండి బాకీ. 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆపైన కోర్టు తీర్పు అక్కర్లేకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ఉద్దానాన్ని చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు పడగొట్టేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఐదారేళ్లు. నెల్లిమర్లలో జూట్ మిల్లు లాకౌట్ ఎన్ని నెలలు సాగుతుందో కార్మికుడికి తెలీదు. మూడు నెలల లెక్క ఏ ఇంటికి సరిపోతుంది? కోవిడ్‌లో ఆర్నెల్లు మారటోరియం ఇచ్చారు, అంటే తల్చుకుంటే గడువు ఇవ్వగలరన్నమాట. అది దేశమంతటికీ ఒకేసారి కష్టమొచ్చినప్పటి మాట. ఒక్క ఇంటికి కష్టమొస్తే అడిగే హక్కంటూ లేదు, మేనేజరు మంచితనమే దిక్కు.

2016 దివాలా చట్టంలో నిరుపేద అప్పుదారుకు 'ఫ్రెష్ స్టార్ట్' అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు. సొంతిల్లు ఉండకూడదు, అది తాకట్టులో ఉన్నా సరే. ఉపాధి పని, బయట కూలి కలిస్తేనే 60 వేలు దాటేస్తుంది. ఆ అధ్యాయం కూడా ఇంకా అమల్లోకి రాలేదు. శ్రీకాకుళం కోర్టు బయట టైపు మిషన్ దగ్గర ఈ రోజుకీ 1920 చట్టం పేరు మీదే పిటిషన్ కొడతారు. కొట్టించుకునేవాడు తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తాడు.