హంతకుడు ‘వచ్చాడా’, ‘వచ్చిందా’: మిస్టరీ నవలలపై అపోహలు - వాస్తవాలు

నేను పదకొండేళ్లుగా ఇంగ్లిషు నుంచి తెలుగులోకి నవలలు అనువదిస్తున్నాను. వాటిలో సగానికి పైగా అపరాధ పరిశోధన నవలలే. పాఠకులు రెండు రాత్రుల్లో ముగించే పుస్తకంతో నేను ఐదారు నెలలు కాపురం చేయాలి, అదీ హంతకుడెవరో మొదటి వారంలోనే తెలిసిపోయిన తర్వాత. అందువల్ల కొత్త మిస్టరీలు, థ్రిల్లర్ల మీద నా అభిప్రాయాలు తోటి పాఠకుల అభిప్రాయాలతో తరచూ కలవవు. పుస్తక ప్రదర్శనల్లోనూ, రైలు ప్రయాణాల్లోనూ, బంధువుల ఇళ్లలోనూ నాకు పదే పదే వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఏ నవల ముగింపునూ బయటపెట్టలేదు కనుక నిర్భయంగా చదవవచ్చు.

అపోహ: హంతకుడెవరో ముందే తెలిస్తే ఇక చదవడానికి ఏమీ మిగలదు.

వాస్తవం: జపాన్ రచయిత కీగో హిగాషినో 2005లో ప్రచురించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో హత్య మొదట్లోనే, మన కళ్ల ముందే జరిగిపోతుంది. ఇంటికొచ్చి వేధిస్తున్న మాజీ భర్తను తల్లీకూతుళ్లు కరెంటు తీగతో గొంతు బిగించి చంపుతారు. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు వాళ్లను కాపాడే పూచీ తన మీద వేసుకుంటాడు. ఎవరు, ఎవరిని, ఎందుకు, దేనితో అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికిన తర్వాత కూడా పుస్తకం కింద పెట్టలేకపోవడానికి కారణం ఒక్కటే: మాస్టారు ఏం చేశాడో మనకు తెలుసని అనుకుంటూ ఉంటాం, నిజానికి మనకు తెలియదు. జపాన్‌లో పేరున్న నవోకి పురస్కారం ఈ నవలకు వచ్చింది.

2014లో వెంకటేశ్ నటించిన ‘దృశ్యం’ చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఆ కుర్రవాడి చావు ఎలా జరిగిందో ప్రేక్షకులకు ముందే తెలుసు, అయినా ఎవరూ మధ్యలో లేచి వెళ్లలేదు. ఇంగ్లిషులో ఈ తలకిందుల పద్ధతిలో ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ రాసిన కథలు 1912లోనే పుస్తకంగా వచ్చాయి. అందుకే ఎవరైనా నాకు ఫలానా నవల ముగింపు చెప్పేస్తే నేను పెద్దగా బాధపడను. ముగింపు తెలియడంతోనే చచ్చిపోయే నవల నా ఐదు నెలల కాపురానికి ఎలాగూ పనికిరాదు.

అపోహ: మలుపు ఎంత పెద్దదైతే థ్రిల్లర్ అంత గొప్పది.

వాస్తవం: ఈ నమ్మకం బలపడటంలో గిలియన్ ఫ్లిన్ 2012లో రాసిన ‘గాన్ గర్ల్’కు పెద్ద వాటా ఉంది. ఆ నవల తర్వాత వచ్చిన పుస్తకాల అట్టల మీద ‘ఊహించలేని మలుపు’ అన్న ముక్క లేనిది అరుదు. అయితే ఆ నవల బలం మలుపులో ఎంత ఉందో, ఆ మలుపు దాటిన తర్వాత ఆ భార్యాభర్తల మధ్య మిగిలిన దానిలోనూ అంతే ఉంది. అనుకరించినవాళ్లు మొదటిది తీసుకుని రెండోది వదిలేశారు.

అలెక్స్ మైకలీడిస్ ‘ది సైలెంట్ పేషెంట్’ 2019లో వచ్చింది. భర్తను ఐదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఒక్క మాటైనా మాట్లాడని చిత్రకారిణి కథ అది. మొదటిసారి చదివినప్పుడు నేనూ ఉలిక్కిపడ్డాను. రెండోసారి చదివితే, చుట్టూ ఉన్న పాత్రల్లో చాలావరకు ఆ ఒక్క క్షణాన్ని మోయడానికి నిలబెట్టిన రాటల్లా కనిపించాయి. దీనికి భిన్నంగా ఎస్.ఎ. కాస్బీ 2021లో రాసిన ‘రేజర్‌బ్లేడ్ టియర్స్’ నాకు సగంలోనే అంతుపట్టింది. పెళ్లి చేసుకున్న ఇద్దరు యువకులను ఎవరో చంపేస్తే, బతికున్నప్పుడు ఆ పెళ్లిని ఒప్పుకోని తండ్రులిద్దరూ హంతకుల కోసం బయలుదేరతారు. ఒకరు నల్లజాతివారు, మరొకరు తెల్లజాతివారు, ఇద్దరూ జైలుకు వెళ్లొచ్చినవాళ్లే. హంతకులు దొరుకుతారా అన్నదాని కన్నా, కొడుకుతో మాట్లాడవలసిన మాటలు సమాధి దగ్గర మాట్లాడుకుంటున్న ఆ తండ్రులు ఏమవుతారన్నదే నన్ను చివరిదాకా చదివించింది.

అపోహ: పాతతరం వాళ్లు నియమాలు పాటించారు, ఇప్పటి రచయితలు పాఠకులను మోసం చేస్తున్నారు.

వాస్తవం: నియమాలు రాసుకున్న మాట నిజమే. క్యాథలిక్ మతగురువు, డిటెక్టివ్ కథల రచయిత కూడా అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, డిటెక్టివ్ తానే నేరస్థుడు కాకూడదు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు అనేవి వాటిలో కొన్ని. కానీ అప్పటికి మూడేళ్ల ముందే, 1926లో, అగథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ మీద ఇది అన్యాయమంటూ పాఠకులు మండిపడ్డారు. కాబట్టి ఈ తగాదాకు వందేళ్ల వయసుంది.

ఇప్పటివాళ్లలో కొందరు ఆ నియమాలను బల్ల మీద పెట్టి మరీ ఆడుతున్నారు. ఆస్ట్రేలియా రచయిత బెంజమిన్ స్టీవెన్సన్ 2022 నవల ‘ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్’లో కథకుడు నాక్స్ నియమాలను ముందే గుర్తుచేసి, ఏయే పేజీల్లో చావులున్నాయో అంకెలతో సహా చెప్పేస్తాడు. ఇంత నిజాయితీగా చెప్పి కూడా మనల్ని తప్పుదారి పట్టించడం చూస్తే ముచ్చటేసింది. దాన్ని తెలుగు చేసేవాళ్ల అవస్థ మాత్రం నేను ఊహించగలను: పేజీలు కట్టడం పూర్తయ్యేదాకా ఆ అంకెలు ఖాళీగా ఉంచాలి, చివరి ప్రూఫులో ఒక పేరా అటూ ఇటూ జరిగితే శవం వేరే పేజీలో తేలుతుంది.

అపోహ: రక్తపాతం లేని హాయి మిస్టరీలు కాలక్షేపానికి మించి దేనికీ పనికిరావు.

వాస్తవం: రిచర్డ్ ఆస్మన్ ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ (2020)లో నేరం అల్లిక కాస్త వదులుగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, వృద్ధుల నివాసంలో కూర్చుని పాత కేసులు తవ్వే నలుగురు ముసలివాళ్లలో ఒకావిడ భర్తకు మతిమరుపు జబ్బు ముదురుతూ ఉంటుంది. ఆవిడ ఆ సంగతి పైకి తెలియనివ్వకుండా నెట్టుకొచ్చే పేజీలు కాలక్షేపం పేజీలు కావు.

అపోహ: అనువాదంలో పోతే శైలి పోతుంది గానీ, కథలోని రహస్యానికి ఢోకా ఉండదు.

వాస్తవం: నా అనుభవంలో ముందు పోయేది రహస్యమే. ఇంగ్లిషులో ఎవరో ఒకరు గదిలోకి వచ్చారని, మంచం పక్కన నిలబడ్డారని, మందు గ్లాసు తీసుకున్నారని లింగం తెలియకుండా పేజీలకు పేజీలు రాయవచ్చు. తెలుగులో క్రియ చివర ముడి ఉంటుంది. ‘ఎవరో లోపలికి వచ్చారు’ అని మొదటి వాక్యం గట్టెక్కుతుంది, ఎందుకంటే ‘ఎవరో’ పక్కన బహువచనం మనకు సహజమే. రెండో వాక్యంలో ‘ఆ మనిషి గ్లాసు తీసుకున్నాడు’ అంటే మగవాడని ఒప్పేసుకున్నట్టు. ‘ఆ ఆకారం గ్లాసు తీసుకుంది’ అంటే వ్యాకరణం తప్పు కాదు గానీ, ఆ ‘ది’ వినగానే పాఠకుల మనసు ఆడమనిషి వైపు తిరుగుతుంది. ‘తీసుకున్నారు’ అని కొనసాగిస్తే హంతకుడికి ఇంత మర్యాద ఎందుకన్న అనుమానం వస్తుంది, లేదా వచ్చినవాళ్లు ఇద్దరేమో అనిపిస్తుంది. నేను అనువదించిన ఒక నవలలో చివరికి మనిషిని తీసేసి చేతిని కర్తను చేశాను: ‘ఒక చెయ్యి చీకట్లోంచి ముందుకు సాగింది. గ్లాసు మీద వేళ్లు బిగుసుకున్నాయి.’ అలాంటి సన్నివేశాలు ఆ పుస్తకంలో ఏడున్నాయి. ఏడింటికీ చెయ్యే వస్తే పాఠకులు నవ్వుతారు కనుక ఒకచోట నీడ, ఒకచోట చెప్పుల చప్పుడు, ఒకచోట తలుపు వంతులవారీగా పనిచేశాయి.

బంధుత్వాలు ఇంతకన్నా ప్రమాదం. ఇంగ్లిషులో ‘సిస్టర్’ అంటే సరిపోతుంది. తెలుగులో అక్కో చెల్లెలో తేల్చకుండా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నాలుగేళ్ల కిందట ఒక నవలలో ఆస్తి మొత్తం పెద్ద కూతురికి చెందుతుందని వీలునామా ఉంది, ఇద్దరిలో పెద్దది ఎవరన్నదే ఆ కథకు ఆయువుపట్టు, అది బయటపడేది చివరి నుంచి మూడో అధ్యాయంలో. నేను ఏమరుపాటున పన్నెండో పేజీలోనే ఒకామె చేత రెండో ఆమెను ‘అక్కా’ అని పిలిపించాను. ప్రూఫులు దిద్దే ఆవిడ ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఇక మిగతా పుస్తకం ఎందుకండీ?’ అని రాశారు.

అప్పుడు పుస్తకమంతా వెతికి, ఎక్కడెక్కడ అక్క అనీ చెల్లి అనీ రాశానో అక్కడల్లా పేర్లు పెట్టాను. కథనంలో అవసరమైన చోట ‘తోడబుట్టినది’ అన్నాను. కాస్త పాతవాసన వేసినా ఆ మాట వయసు చెప్పదు. సంభాషణల్లో ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టే పిలుచుకునేట్టు చేశాను. అచ్చయిన నెలకు ఇద్దరు పాఠకులు వేర్వేరుగా ఉత్తరాలు రాస్తూ, ఆ అమ్మాయిలిద్దరూ కవలలని తాము యాభయ్యో పేజీలోనే కనిపెట్టేశామని, చివర్లో ఆ సంగతి రచయిత ఎందుకు ఎత్తలేదో అర్థం కాలేదని అడిగారు.