125 ఏళ్లయినా ఊడని తాడు

1894 సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటింది. అమెరికా, కెనడాల మధ్యనున్న హ్యూరన్ సరస్సులో ఐరన్‌టన్ అనే 191 అడుగుల తెరచాప ఓడ అదుపు తప్పి ఒహాయో అనే సరుకుల ఓడను గుద్దేసింది. రెండూ మునిగాయి. ఒహాయోలోని 16 మందీ బతికారు. ఐరన్‌టన్‌లో కెప్టెన్‌తో కలిపి ఏడుగురు. లైఫ్‌బోట్ ఎక్కారు కూడా, కానీ దాన్ని ఓడకు కట్టిన తాడు ఎవరూ విప్పలేదు! ఓడ బోటునీ లాక్కుపోయింది. ఇద్దరే బయటపడ్డారు. తాడు సంగతి వాళ్లు చెప్పిందే.

2019లో ఆ సరస్సులోని థండర్ బే జల సంరక్షణ ప్రాంతం పరిశోధకులు సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో నీటి అడుగును చూసే పరికరంతో గాలిస్తే ఓడ దొరికింది. తర్వాత కెమెరా దించి చూశారు. మూడు తెరచాప కొయ్యలూ నిలబడే ఉన్నాయి. లైఫ్‌బోట్ ఇంకా ఓడకు కట్టే ఉంది.

సోనార్ గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆ తాడూ, ఓడ చెక్కా కుళ్లకపోవడమే వింత.

సముద్రంలోనైతే ఓడపురుగు వదిలేది కాదు. పేరుకు పురుగే గానీ అది నత్తల బంధువు, ఆల్చిప్ప జాతిది. తలదగ్గరి రెండు పెంకు ముక్కలతో కొబ్బరి కోరినట్టు చెక్కను కోరుకుంటూ లోపలికి పోతుంది. మన తీరంలో చెక్క పడవలకూ దీని బెడద ఉంది. దానికి ఉప్పునీరు కావాలి. హ్యూరన్ మంచినీటి సరస్సు.

రెండోది చలి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు: మిల్లీలీటరుకు 0.99997 గ్రాములు. సున్నా దగ్గర 0.99984. తేడా నాలుగో దశాంశంలో! అయినా అంత చాలు. చలికాలంలో పైనీరు చల్లబడి, 4 డిగ్రీలకు రాగానే బరువెక్కి అడుక్కు దిగుతుంది. ఇంకా చల్లబడితే తేలికై పైనే ఉండి గడ్డకడుతుంది. వేసవిలో వేడినీరు పైన తేలి, కింది చలిని కప్పేస్తుంది. అందుకే లోతున ఏడాది పొడుగునా 4 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. ఆ చలిలో కుళ్లబెట్టే బాక్టీరియా నత్తనడకే. బడిలో మనం దీన్ని చేపల కోసం చదివి, రెండు మార్కులకు రాసి వదిలేశాం.

పక్కనున్న సుపీరియర్ సరస్సు శవాలను తిరిగివ్వదని నావికుల నమ్మకం. శాపమేం లేదు. శవం తేలాలంటే లోపల బాక్టీరియా గ్యాస్ పుట్టించాలి. ఆ చలిలో అది పెద్దగా పుట్టదు.

ఇప్పుడు ఈ ఓడలకు కొత్త టెన్షన్ క్వాగా ఆల్చిప్పలు. 1980ల చివర్లో విదేశీ నౌకలు బరువు కోసం నింపుకొచ్చిన నీళ్లలో వచ్చిపడ్డాయి. మునిగిన ఓడలమీద గుట్టలుగా పేరుకుని, చెక్క మీద బరువు పెంచుతాయి, ఇనుప మేకులు త్వరగా తుప్పు పట్టేలా చేస్తాయి. అవే నీళ్లలోని సూక్ష్మజీవులను వడగట్టి తినడంతో సరస్సు తేటపడింది. డైవర్లకు ఓడలు ఇదివరకటి కంటే చాలా దూరం నుంచే కనిపిస్తున్నాయి.