ఎరుపు కన్నా చికిలింపు ముఖ్యం

పొద్దున లేచేసరికి కుక్క కంటి మూలన కాస్త పుసి కట్టి ఉంటే కంగారు పడనక్కరలేదు. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తుడిస్తే పోతుంది. అదే కుక్క ఒక కన్ను సగం మూసుకుని, వెలుగు చూడలేక తల తిప్పుకుంటూ, ముందుకాలితో రుద్దుకుంటూ ఉంటే మాత్రం ఆ రోజే పశువైద్యునికి చూపించాలి. కన్ను ఎర్రబడడానికి దుమ్ము, పొగ, అలర్జీ వంటి కారణాలు ఎన్నయినా ఉంటాయి కానీ, చికిలించడం నొప్పికి గుర్తు.

మన కంటి లోపలి మూలలో చిన్న గులాబీరంగు మడతగా మిగిలిపోయిన మూడో రెప్ప కుక్కకు ఇంకా పనిచేస్తూనే ఉంది. కంటిలోని కన్నీటిలో దాదాపు మూడోవంతు దాని అడుగునున్న గ్రంథి నుంచే వస్తుంది. బీగిల్, బుల్‌డాగ్, కాకర్ స్పానియల్ వంటి జాతులలో ఆ గ్రంథి జారి, ఎర్రటి కండలాగా బయటికి పొడుచుకు వస్తుంది. ఒకప్పుడు దాన్ని కోసి పారేసేవారు. అలా కోసిన కళ్లు తరువాతి కాలంలో తడి లేక ఎండిపోతుండడంతో ఇప్పుడు తిరిగి లోపలికి నెట్టి కుట్టేస్తున్నారు. ఎండిన గడ్డిముల్లు కంటిలో పడితే దాక్కునేదీ ఈ రెప్ప చాటునే కనుక, పైకి చూసి కంటిలో ఏమీ లేదనుకోవడం పొరపాటు.

కంటి ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియా, మందం మిల్లీమీటరులో సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే. పగ్, షిట్జూ వంటి చప్పిడిముక్కు కుక్కలకు గుడ్లు ముందుకు ఉబ్బి ఉంటాయి కాబట్టి పిల్లి గోరు తగిలినా, సొంత వెంట్రుక ఒరుసుకున్నా అక్కడ పుండు పడుతుంది. ఈ పుండు మామూలు చూపుకు ఆనకపోవచ్చు. వైద్యుడు ఫ్లోరెసిన్ అనే నారింజరంగు పట్టీని తడిపి కంటికి తాకించి, కడిగి, గది చీకటి చేసి నీలి వెలుగు వేస్తే, పై పొర ఊడిన మేర మాత్రం మిణుగురు పచ్చగా మెరుస్తుంది. కన్నీటి నాళం తెరిచి ఉంటే కాసేపటికి ఆ పచ్చరంగు ముక్కు రంధ్రంలోనూ కనిపిస్తుంది. చూడ ముచ్చటైన పరీక్ష.

ఈ పరీక్ష చేయకుండా ఇంట్లో ఎవరికో వాడగా మిగిలిన చుక్కల మందు వేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. అందులో డెక్సామెథసోన్ వంటి స్టీరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గి కన్ను బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం పుండు మానక లోతుకు దిగి, ఒక్కోసారి గుడ్డుకే చిల్లు పడుతుంది.

గంటల మీద తేలే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. కన్ను గట్టిపడి, నల్లగుడ్డు నీలిపాలరంగుకు తిరిగి, కంటిపాప పెద్దదై వెలుగుకు కుంచించుకోకపోతే అది నీటికాసులు, అంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు (గ్లాకోమా), కావచ్చు. ఒకటి రెండు రోజుల జాప్యానికే చూపు పోతుంది. దెబ్బ తగిలి గుడ్డే బయటికి వస్తే లోపలికి నొక్కకుండా, శుభ్రమైన తడిగుడ్డ కప్పి తీసుకెళ్లాలి. పిడుదులు పట్టిన కుక్క కంటిలో రక్తం కనిపిస్తే, పిడుదుల జ్వరం వల్ల కూడా కావచ్చు కనుక రక్తపరీక్ష అవసరమవుతుంది. పండగకు గోడలకు వేస్తున్న సున్నం కంటిలో పడితే మాత్రం ముందు పరుగెత్తవలసింది ఆసుపత్రికి కాదు, కుళాయి దగ్గరికి: కనీసం పావుగంట సేపు నీటిధార మెల్లగా పోసి, తరువాతే బయలుదేరాలి.

వెళ్లేటప్పుడు, ఇంట్లో ఏదైనా మందు వేసి ఉంటే మొహమాటపడి దాచకుండా ఆ సీసాను వెంట తీసుకెళ్లాలి. వైద్యుడు మొదట అడిగేది దాని గురించే.