సరుకు మిల్లులో, హక్కు బ్యాంకులో: చరాస్తి అప్పుల రికార్డు వెనుక కథ

కొన్నేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నాను. బేరం కుదిరింది, డబ్బు ఇచ్చేశాను, తాళం చేతికొచ్చింది. పేరు మార్పించుకుందామని వెళ్తే ఆర్సీలో ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందన్నారు. అమ్మినాయన అప్పు ఎప్పుడో తీర్చేశాడు. కాకపోతే అప్పు తీరిందని చూపే ఫారం 35 మీద కంపెనీ సంతకం తీసుకోలేదు. ఆ కంపెనీ మా ఊళ్లో బ్రాంచి ఎత్తేసింది. ఎన్‌వోసీ కోసం నాలుగు నెలలు తిరిగాను. తిరిగినన్నాళ్లూ ఆర్సీలోని ఆ లైనుని తిట్టుకున్నాను. నిజానికి ఆ లైను ఉన్నది నాలాంటి కొనుగోలుదారు కోసమే. డబ్బిచ్చే ముందు చూసుకోనిది నేనే.

నగ తాకట్టు పెడితే ఈ గొడవ ఉండదు. గొలుసు షావుకారు బీరువాలోకి వెళ్లిపోతుంది. మెడలో లేని గొలుసును ఇంకొకరికి చూపించి అప్పు అడగలేం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 172వ సెక్షన్‌లో చెప్పిన తాకట్టు ఇదే: వస్తువు అప్పిచ్చినవాడి చేతికి రావాలి. మరి ట్రాక్టరో, మిల్లులోని యంత్రమో, కొట్లో సరుకో అయితే? ట్రాక్టర్ తెచ్చి బ్యాంకులో పెడితే రైతు దున్నేదెట్లా, అప్పు తీర్చేదెట్లా? అందుకని వస్తువు అప్పు తీసుకున్నవాడి దగ్గరే ఉంచి, హక్కు మాత్రం బ్యాంకు రాయించుకుంటుంది. దాన్నే హైపోథికేషన్ అంటారు. మన బ్యాంకులూ వ్యాపారులూ దశాబ్దాలుగా వాడుతున్న ఈ మాట పాత కాంట్రాక్ట్ చట్టంలో లేదు. చట్టంలో దానికి నిర్వచనం రాసింది 2002లో, బాకీ పడితే హామీ ఆస్తిని బ్యాంకులే జప్తు చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వచ్చాక.

ఇందులో చిక్కేమిటంటే, కంటికి కనిపించేది వస్తువే గాని దాని మీదున్న అప్పు కాదు. ఈ చిక్కు చాలా పాతది. ఇంగ్లండ్‌లో పియర్స్ అనే అతను ట్వైన్‌కు 400 పౌండ్లు, ఇంకొకరికి 200 పౌండ్లు బాకీ. రెండో అతను కోర్టుకెక్కగానే పియర్స్ తన ఆస్తి మొత్తాన్ని, అంటే సుమారు 300 పౌండ్ల సొత్తుని, గుట్టుగా ట్వైన్ పేర రాసేశాడు. రాశాక కూడా గొర్రెల ఉన్ని తనే కత్తిరించుకున్నాడు, తన గుర్తులే వేసుకున్నాడు. 1601 నాటి ఈ కేసులో కోర్టు ఇది మోసమని తేల్చింది. లోకానికి చెప్పకుండా హక్కు మారిస్తే అనుమానించాల్సిందే అన్నది అక్కణ్నుంచి నిలిచిపోయింది.

చెప్పడమెలా అన్నదానికి తర్వాత దొరికిన జవాబు రిజిస్టరు. ఇంగ్లండ్‌లో 1854లో వచ్చిన చట్టం ఇలాంటి పత్రాలను కోర్టులో దాఖలు చేయమంది. మన దగ్గర కంపెనీలు ఆస్తుల మీద పెట్టిన ఛార్జీలను, అంటే అప్పిచ్చినవారికి రాసిచ్చిన హక్కులను, కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. వాహనాలకైతే ఆర్సీ ఉంది. కంపెనీ కాని చిన్న వ్యాపారి మాటేమిటి? సొంత పేరుతో నడిపే మిల్లులో బియ్యం బస్తాలు ఏ బ్యాంకుకు హామీగా ఉన్నాయో చూసుకోవడానికి చాలాకాలం ఒక్క చోటంటూ లేదు. ఉన్నదల్లా గోడ మీద బోర్డు. మా ఊరి రైస్ మిల్లు గోడ మీద పసుపు రంగు వేసి నల్లటి అక్షరాలతో ఇలా రాసి ఉండేది: ‘ఇందలి సరుకు ఆంధ్రా బ్యాంకు వారికి హైపోథికేట్ చేయబడినది’. నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్, అప్పుడప్పుడు ఆఫీసరు వచ్చి బస్తాలు లెక్కపెట్టడం. ఆయన వెళ్లాక ఆ బస్తాలనే ఇంకో బ్యాంకు ఆఫీసరుకు చూపించాలనుకుంటే, అడ్డం ఆ బోర్డు ఒక్కటే. దాన్ని తిప్పి పెట్టడం ఎంతసేపు?

కాగితాన్ని కంప్యూటర్‌లోకి మార్చే పని ముందుగా మొదలైనవాటిలో కెనడాలోని ఒంటారియో ఒకటి. చట్టం 1967లోనే చేశారు, పూర్తిగా అమల్లోకి వచ్చింది 1976 ఏప్రిల్ 1న. కంప్యూటర్ ఏర్పాట్లకే అన్నేళ్లు పట్టింది. అయితే అసలు మార్పు యంత్రంలో కాదు, దాఖలు చేసే సంగతిలో వచ్చింది. ఒప్పంద పత్రం మొత్తం అక్కర్లేదు. ఫలానా వ్యక్తి ఫలానా సరుకు మీద ఫలానా వారికి హక్కు ఇచ్చాడని నాలుగు ముక్కల నోటీసు చాలు. చూసేవాడికి అనుమానం వస్తే వెళ్లి వివరాలు అడుక్కుంటాడు.

న్యూజీలాండ్ 2002 మే 1న మొత్తం ఆన్‌లైన్ రిజిస్టరుకు మారింది. అంతకుముందు కొన్ని నమోదులు హైకోర్టు ఆఫీసుల్లో, కొన్ని కంపెనీల రిజిస్టరులో, వాహనాలవి వేరేచోట ఉండేవి. కొత్త పద్ధతి పదును అక్కడివాళ్లకు తెలియజెప్పింది ఒక గుర్రం. దాన్ని ఒక సంస్థ ఒక గుర్రాల ఫారానికి లీజుకిచ్చింది. లీజును రిజిస్టర్ చేయలేదు. గుర్రం మాదే కదా, మళ్లీ నమోదెందుకని అనుకుని ఉంటారు. ఆ ఫారానికి అప్పిచ్చిన మరో సంస్థ మాత్రం ఫారం ఆస్తుల మీద తన హక్కును నమోదు చేసుకుంది. వ్యవహారం చెడి కోర్టుకెక్కితే అప్పిచ్చినవాళ్లే గెలిచారు. సొంతదారు గుర్రాన్ని పోగొట్టుకున్నాడు.

ఆస్ట్రేలియా సుమారు 70 చట్టాల కింద చెదిరి ఉన్న నమోదులను 2012 జనవరి 30న ఒక్క రిజిస్టరులోకి తెచ్చింది. అక్కడ ఒక లీజింగ్ కంపెనీ సుమారు 2.3 కోట్ల డాలర్ల విలువైన రాళ్లు పిండిచేసే యంత్రాలను అద్దెకిచ్చి, ఈసారి బుద్ధిగా నమోదు చేయించింది. కాకపోతే అద్దెకు తీసుకున్నవాళ్ల కంపెనీ నంబరు రాయాల్సిన చోట వాళ్ల వ్యాపార నంబరు రాసింది. రెండూ ఒకే కంపెనీవే. అయినా సరైన నంబరు కొట్టి వెతికితే ఆ నమోదు తగలదు కాబట్టి 2017లో కోర్టు అది చెల్లదంది. పుస్తకాలు తిరగేసే గుమస్తా అయితే ‘ఇదీ వాళ్లదే కదండీ’ అనేవాడేమో. యంత్రానికి ఆ లౌక్యం లేదు.

ఇక ఇంగ్లండ్ తమాషా వేరు. పత్రాలను కోర్టులో దాఖలు చేయమనే విక్టోరియా కాలం నాటి చట్టాలను తీసేసి కొత్తవి తెమ్మని 2016లో అక్కడి లా కమిషన్ సిఫారసు చేస్తే, 2018లో ప్రభుత్వం పక్కన పెట్టేసింది.

మన దేశంలో ఇలాంటి హామీ హక్కులను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ పని మొదలుపెట్టింది 2011 మార్చి 31న. దాన్ని తెచ్చింది చరాస్తుల కోసం కానే కాదు. ఒకే ఫ్లాటు మీద రెండు మూడు బ్యాంకుల్లో అప్పు లేపే మోసాల్ని ఆపడానికి. యంత్రాలు, సరుకు, రావాల్సిన బాకీలు, పేటెంట్లు వగైరా 2016 జనవరిలో చేరాయి. అదే ఏడు పార్లమెంటు సర్ఫేసీ చట్టాన్ని సవరించింది. నమోదు చేయని బ్యాంకు సర్ఫేసీ కింద జప్తుకు దిగడానికి లేదు, నమోదు చేసినవారి బాకీ పన్ను బాకీలకన్నా ముందు. ఆ సెక్షన్లు అమల్లోకి రావడానికి మాత్రం 2020 జనవరి 24 దాకా ఆగాల్సి వచ్చింది. నా దృష్టిలో కోరలు వచ్చింది అప్పుడే. అంతకుముందు సరుకు వివరాలు ఎక్కించకపోతే బ్యాంకుకు పోయేది పెద్దగా ఏమీ లేదు.

గోదాము సరుకుది మరో దారి. గుంటూరు వైపు మిర్చి రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాళ్లిచ్చిన బాండు మీద అప్పు తెచ్చుకుంటాడు. బాండు కాగితం కాబట్టి నకలు పుట్టొచ్చు, లేదా బాండు బ్యాంకులో ఉండగానే సరుకు గేటు దాటొచ్చు. 2007లో గిడ్డంగుల చట్టం చేసి, 2017లో ఎలక్ట్రానిక్ రసీదులు తెచ్చింది ఇందుకే. డీమ్యాట్ షేర్ల మాదిరిగా రసీదు ఖాతాలో ఉంటుంది, తాకట్టు పెడితే అక్కడే గుర్తు పడుతుంది. కాని ఇది నమోదైన గిడ్డంగులకే.

కొనేవాడి వైపు నుంచి చూస్తే పని ఇంకా సగమే అయింది. బండికి వాహన్ పోర్టల్, కంపెనీ ఆస్తికి కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) రికార్డు, మిగతావాటికి సెర్సాయ్. వీటన్నిటినీ కలపడానికి 2016 సవరణ 20ఏ సెక్షన్‌తో దారి వేసింది. బ్యాంకు కాని ఇతర అప్పులవాళ్లు కూడా నమోదు చేసుకోవచ్చని అదే సవరణలో ఉంది. అయినా ప్రామిసరీ నోటు, నాలుగు ఖాళీ చెక్కులు పెట్టుకుని అప్పిచ్చే ఫైనాన్షియర్ సెర్సాయ్ గడప తొక్కుతాడని నేననుకోను.

మా ఊరి మిల్లు బోర్డు ఇంకా ఉంది. 2020 ఏప్రిల్‌లో బ్యాంకు విలీనమయ్యాక ఆంధ్రా బ్యాంకు పేరు చెరిపి యూనియన్ బ్యాంకు అని రాయించారు. పసుపు రంగు కింద పాత అక్షరాలు ఎండలో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.